ఐసు తగ్గించమన్నది నేనే

కరెంటు బండి కొన్న కొత్తలో ఎవరైనా "ఎంత లాగుతుంది?" అని అడిగితే "ఎంత వేస్తే అంత" అనేవాణ్ణి. నమ్మే అన్నాను. ఆ నమ్మకానికి డబ్బు కట్టింది మాత్రం నేను కాదు, మా బావ. అందుకే ఇది రాయాలనిపించింది.

మాది గుడివాడ. రొయ్యల మేత వ్యాపారం. 25 కిలోల బస్తాలు గోడౌన్లోంచి ఎత్తి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, నాగాయలంక వైపు చెరువుల దాకా చేర్చాలి. తిరుగు దారిలో బండి ఖాళీగా రాకుండా కొబ్బరికాయలో, అరటిగెలలో, చిన్న లాటు రొయ్యలో వేసుకుని రావాలి. డీజిల్ ట్రాలీతో ఏళ్ల తరబడి చేసిన పనే. డీజిల్ లీటరు వంద రూపాయలకు దగ్గరపడ్డాక, మేత అమ్మకంలో మిగిలేదంతా బండి ట్యాంకులోకి పోతోందనిపించి, ముప్పావు టన్ను మోసే కరెంటు పికప్ తీసుకున్నాను. కొనడం తప్పని ఇప్పటికీ అనను. ఇంటి దగ్గర రాత్రంతా పెట్టే కరెంటుకి రెండొందలు కూడా కాదు. మనది ఎత్తుపల్లాలు లేని నేల. కొండ ఎక్కే పని లేదు. కరెంటు బండికి ఇంతకన్నా అనువైన దారి ఆంధ్రలో అరుదు. తెలివితక్కువతనమంతా దాన్ని నేను వాడిన తీరులో ఉంది.

మా ప్రాంతంలో బండికి బరువు వేసే పద్ధతి ముందు చెప్పాలి. 2005లో టాటా ఏస్ వచ్చాక డెల్టా ఊళ్లలో సరుకు రవాణా తీరే మారిపోయింది. ఎడ్లబండి, రిక్షా చేసే పనంతా అది ఎత్తుకుంది. ఆ సైజు బండి కాగితం మీద మోసేది ముప్పావు టన్ను. ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే 10 బస్తాలతో సరి. కోతల రోజుల్లో 10 బస్తాలు వేసుకుని మిల్లుకు బయల్దేరిన ట్రాలీని నేను చూసి ఎరగను. 15 వేస్తారు, 20 వేస్తారు. వెనక కమాన్ పట్టీలు ఒకటో రెండో అదనంగా వేయిస్తారు. బండి కూర్చోకుండా నిలబడితే చాలు, మోస్తున్నట్టే లెక్క. నేనూ కొత్త బండిని ముందు షెడ్డుకే తీసుకెళ్లాను. పట్టీలు వేయించాను. పట్టీ గట్టిదైతే బండి వెనక్కి వంగకుండా ఉంటుందంతే. బ్రేకు అదే బ్రేకు, టైరు అదే టైరు, ఇరుసు అదే ఇరుసు, బ్యాటరీ అదే బ్యాటరీ. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లు బళ్లు నడిపినవాడికి తట్టకపోవడమేమిటని మీరు అడగవచ్చు. డీజిల్ బండి దగ్గర తట్టాల్సిన అవసరం రాలేదు. బరువెక్కువైతే అదే చెప్పేది. మొదటి గేరులో మూలుగుతుంది, పొగ కక్కుతుంది, క్లచ్చి కాలిన వాసన కొడుతుంది. మనం విన్నా వినకపోయినా అది చెప్పడం మానదు.

కరెంటు మోటారు చెప్పదు. ఇంజనుకు తిరుగుడు పెరిగితేగానీ పూర్తి బలం రాదు. మోటారుకు కదలని స్థితిలోనే పూర్తి లాగుడు ఉంటుంది. అందుకని రెండింతలు బరువు వేసినా కాలు ఆనించగానే చప్పుడు లేకుండా కదిలిపోతుంది. మొదటిసారి 40 మేత బస్తాలు వేసి గుడివాడ సెంటర్లో సిగ్నల్ దగ్గర ఆపి ఎత్తినప్పుడు, పక్కనున్న డీజిల్ బళ్లకన్నా ముందు నా బండే దూసుకుపోయింది. అది చూసి 'ఎంత వేస్తే అంత' అనడం మొదలుపెట్టాను. బండి బాధపడటం లేదంటే దానికి బరువు తెలియడం లేదనుకున్నాను.

నాగాయలంక దగ్గర మా బావకి, అంటే పెదనాన్నగారి అల్లుడికి, చెరువు ఉంది. వనామీ రొయ్య వేశాడు. మే నెల. నీళ్లు వేడెక్కి రొయ్య సరిగ్గా మేత తినడం లేదనీ, పెద్ద సైజు కొంత పట్టేసి మిగతాది వదులుదామనుకుంటున్నాననీ ఫోన్ చేశాడు. కంపెనీ లారీ రావడానికి చాలని లాటు అది. "బందరులో కొనేవాళ్లు ఉన్నారు బావా, నువ్వు ఎటూ మేత తెస్తున్నావుగా, వేసుకెళ్దాం" అన్నాడు.

గుడివాడ నుంచి నాగాయలంక సుమారు 70 కిలోమీటర్లు. ఆ రోజు మేత బస్తాలు కొద్దిగానే ఉన్నాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బయల్దేరి, నెమ్మదిగా వెళ్లాం. చెరువు దగ్గర ఆపేసరికి తెర మీద ఇంకా 120 కిలోమీటర్ల పైన చూపిస్తోంది. బందరు అక్కడి నుంచి 60 కిలోమీటర్ల లోపే. రెండింతలు ఉందనుకుని చార్జింగు మాటే ఎత్తలేదు.

ఆ అంకె ఏమిటో నాకు అప్పటికి తెలియదు. అది బ్యాటరీలో దాచిన కిలోమీటర్లు కాదు. ఇంతవరకూ వచ్చిన దారిలో కిలోమీటరుకు ఎంత కరెంటు పట్టిందో చూసుకుని, ముందు దారి కూడా ఇలాగే ఉంటుందనుకుని బండి కట్టే అంచనా. తేలిక బరువుతో, చల్లని పూట, తారు రోడ్డు మీద వచ్చాం కాబట్టి అంకె పెద్దది కనిపించింది. వెనక ఏం ఎక్కిస్తున్నామో దానికి తెలియదు. ఎక్కించేవాడికి తెలియాలి.

పట్టుబడి ఆలస్యమైంది. వలలు లాగేసరికి ఎండ ఎక్కింది. రొయ్య 800 కిలోలు తూగింది. చెరువుల దగ్గర అందరూ పాటించే లెక్క ఒకటుంది: రొయ్య ఎంతో ఐసు అంత. కింద ఒక వరస ఐసు, దాని మీద రొయ్య, మళ్లీ ఐసు, పైన మందంగా ఇంకో పొర. ఐసు దిమ్మలు కొట్టే కుర్రాడు బస్తా మీద పెట్టి కర్రతో పగలగొడుతున్నాడు. నేను బండి వెనక నిలబడి ట్రేలు చూస్తున్నాను. రొయ్య ఒక్కటే ముప్పావు టన్ను దాటింది. ఇంకో 800 కిలోల ఐసు పడితే ఎంతవుతుందో అప్పుడు మాత్రం లెక్క వచ్చింది. ఆ లెక్క నాకు చెప్పాల్సింది రొయ్య తగ్గించమని. నేను ఐసు తగ్గించాను.

"ఇంకో నాలుగు దిమ్మలు కొట్టిద్దాం బావా, ఎండగా ఉంది" అన్నాడు మా బావ.

"ఎందుకు బావా, గంటన్నరలో బందరులో ఉంటాం. సగం చాలు" అన్నాను.

మా డ్రైవరు కుర్రాడు టైర్ల వైపు చూసి, "బాబాయ్ గారూ, రెండు ట్రిప్పులు వేద్దామా?" అని మెల్లగా అడిగాడు. వాడికి జవాబు కూడా చెప్పలేదు. తలుపు వేసి కూర్చున్నాను.

చెరువు గట్టు మీద నుంచి రోడ్డెక్కడానికే చార్జి చాలా పోయింది. నల్లరేగడి గట్టు. ట్రేల నుంచి కారిన నీళ్లతో మెత్తబడి ఉంది. మెత్తటి మట్టిలో చక్రం దిగబడితే తారు రోడ్డు మీద పట్టే శక్తికి ఎన్నో రెట్లు పడుతుంది. ఆ కొద్ది దూరానికే అంకె గబగబా దిగింది. అవనిగడ్డ చేరేసరికి ఇంకా దిగింది. మోపిదేవి, చల్లపల్లి దాటి బందరు రోడ్డులో కొంత దూరం పోయాక తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. బ్యాటరీ అడుగంటినా, మోటారు వేడెక్కినా బండి తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. దానికి గుర్తు ఆ బొమ్మ. మాకు రెండూ జరిగాయి. కాలు పూర్తిగా తొక్కినా సైకిలు కన్నా కాస్త వేగంగా, అంతే. వెనక వచ్చే లారీలు హారన్లు కొట్టి పక్కనుంచి పోతున్నాయి. వెనక తలుపు సందులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అది కరుగుతున్న ఐసు.

ఈ ఐసు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేము రవాణా చేసేవాళ్లం దాన్ని దండగ బరువుగా చూస్తాం. కిలో ఐసు కరిగి నీరయ్యేలోపు 80 కిలో కేలరీల వేడిని లాక్కుంటుంది. అది ఉన్నంతసేపు ట్రేలో చల్లదనం సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బయట 42 ఉన్నా లోపల రొయ్యకు తెలియదు. ఐసు అయిపోయిన క్షణం నుంచి వేడి ఎక్కడం మొదలవుతుంది, అది ఇక ఆగదు. సగం ఐసు వేస్తే సగం కాలం కూడా కాపు ఉండదు. మామూలుగా వెళ్తే గంటన్నరకు అది సరిపోయేదేమో. మేము మామూలుగా వెళ్లలేదు.

రోడ్డు పక్క ఒక ఇంట్లో ప్లగ్గు అడిగాం. ఆ పిన్నిగారు పాపం కాదనలేదు. 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు 3 యూనిట్లు ఎక్కిస్తుంది. నా బ్యాటరీ 20 యూనిట్ల చిల్లర. అరగంట కూర్చుని, ఎక్కింది చూసుకుని, ఇది తేలే పని కాదని అర్థమై, చల్లపల్లి నుంచి డీజిల్ ట్రాలీ పిలిపించి ట్రేలు మార్పించాం. బందరు షెడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

కొనేవాళ్ల మనిషి ఒక ట్రే తీసి సిమెంటు అరుగు మీద బోర్లించాడు. రొయ్యను ఒకటి తీసుకుని తలకూ ఒంటికీ మధ్య బొటనవేలితో నొక్కాడు. తల వదులుగా ఊగింది. డిప్ప కింద ఎర్ర రంగు దిగింది. ఇంకోటి నొక్కాడు. ఇంకోటి. నాలుగో దానికి చూడటం ఆపేసి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తల ఊడే రొయ్యను తలతో అమ్ముకోలేరు. సైజు మంచిదైనా రేటు వేరు. మా బావ బేరమాడలేదు. ఒప్పుకుని సంతకం పెట్టాడు.

ఇక్కడిదాకా జరిగింది తెలివితక్కువతనం. తరవాతది అంతకన్నా నీచం. ఆ సాయంత్రం బస్టాండ్ దగ్గర టీ తాగుతూ "ఎండ దెబ్బ కొట్టింది బావా" అన్నాను. అతను "అవును, ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ" అన్నాడు. ఐసు తగ్గించమన్నది నేనని అతనికి గుర్తుంది. నాకూ గుర్తుంది. అతను మర్యాదకు అనలేదు, నేను ఆ మర్యాద చాటున దాక్కున్నాను. ఆ చెరువులో మేత అంతా నా కొట్లోంచి అప్పు మీద వెళ్లినదే. పట్టుబడి డబ్బులు రాగానే తీర్చాల్సిన బాకీ. అంటే నా పొరపాటుతో అతనికి కోత పెట్టి, ఆ తగ్గిన డబ్బుల్లోంచి నా బాకీ పూర్తిగా వసూలు చేసుకునే స్థితిలో కూర్చున్నాను. కొన్నాళ్లు అలాగే కూర్చున్నాను కూడా. తరవాత వాళ్లింటికి వెళ్లి, మా చెల్లెలి ఎదురుగానే, సంగతి ఉన్నదున్నట్టు చెప్పి ఆ తేడా మేత ఖాతాలో కొట్టేశాను. అది దయ కాదు, నేను పడ్డ బాకీ.

అప్పుడు గానీ లెక్కలు చూడలేదు. ఎవరైనా చూడగలిగే లెక్కలే అవి. లీటరు డీజిల్లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే నా బండి బ్యాటరీ మొత్తం కలిపి రెండు లీటర్ల డీజిలంత. మోటారు ఇంజను కన్నా మూడింతలు పొదుపుగా వాడుతుంది కాబట్టి ఆరు లీటర్ల పని చేస్తుంది. ఆరు లీటర్లు పోసుకుని, రెండింతలు బరువేసుకుని, గుడివాడ నుంచి నాగాయలంక వెళ్లి బందరు మీదుగా ఇంటికి రమ్మంటే డీజిల్ డ్రైవరు ఎవడైనా ముందు బంకు ఎక్కడుందో అడుగుతాడు. నేను అడగలేదు.

ఈ తప్పు పెద్ద దేశాల్లోనూ చేశారు. 2022లో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 లైట్నింగ్ అనే కరెంటు పికప్ అమ్మకానికి తెచ్చాక, వెనక పెద్ద ట్రైలర్లు తగిలించి లాగి చూసినవాళ్లకు రేంజి సగానికో అంతకన్నా తక్కువకో పడిపోయింది. అక్కడ కారణం ఎక్కువగా గాలి. హైవే వేగంలో ఎత్తయిన పెట్టెను గాలికి ఎదురు లాగాలి కాబట్టి బరువుకన్నా ఆకారం ఎక్కువ తినేస్తుంది. మన దగ్గర 40 వేగం. ఆ వేగంలో గాలి పెద్ద లెక్కలోకి రాదు. ఎక్కువ తినేది చక్రాల దగ్గరే. అక్కడ బరువు ఎంత పెరిగితే ఖర్చు అంత పెరుగుతుంది, మట్టి మెత్తనైతే ఇంకా. కాబట్టి విదేశాల వీడియోలు చూసి నెమ్మదిగా నడిపితే చాలనుకోకండి. నేను నెమ్మదిగానే నడిపాను.

మా తాతల కాలంలో ఈ బరువులు నీళ్ల మీద నడిచాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవల్లో పొలాలకు నీళ్లూ పారాయి, పడవలూ నడిచాయి. బందరు కాలవలో ధాన్యం పడవలను గట్టు మీద నడుస్తూ మనుషులు తాళ్లతో లాగేవాళ్లు. పడవలో బస్తా వేస్తే అది ఆ మేరకు నీళ్లలోకి దిగుతుంది. అంచుకూ నీటికీ మధ్య ఎంత మిగిలిందో గట్టు మీదున్న పిల్లవాడికి కూడా కనిపిస్తుంది. అదనపు పట్టీలు వేయించి నేను చేసింది ఆ కనిపించే గుర్తును చెరిపేయడమే. పట్టీలు లేకపోతే నా బండి వెనక్కి కూర్చునేది, కనీసం మా బావైనా వద్దనేవాడు.

వాటిని తీయించేశాను. తరవాత చేసిన పని కాటా. గుడివాడ చుట్టూ రైసు మిల్లులున్న చోటల్లా కాటా ఉంటుంది. ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో ఉండదగ్గ గరిష్ఠ బరువు రెండూ రాసి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మనం వేయదగ్గది వస్తుంది. అందులోంచి డ్రైవరు బరువు, పక్కన కూర్చున్నవాడి బరువు, ట్రేలు, టార్పాలిన్, తాళ్లు కూడా పోవాలి. నేను మామూలుగా వేసే మేత లోడుతో కాటా ఎక్కితే, వేయదగ్గదానికి చాలా పైన తూగింది. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తరవాత అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఆ సంగతి తెలిసే తిరిగాను. అంతకన్నా భయపెట్టింది బ్రేకు. అదే వేగంలో బరువు రెండింతలైతే ఆపడానికి అణచాల్సిన ఊపు కూడా రెండింతలు. మన రోడ్లు సగం కాలవ గట్లు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలం, మధ్యలో బడి వదిలిన పిల్లల సైకిళ్లు. అలాంటి దారిలో ఆ బరువుతో మా డ్రైవరు కుర్రాణ్ణి పంపుతూ వచ్చాను. ఏమీ జరగలేదు. అది నా గొప్ప కాదు.

చార్జింగు గురించి దివిసీమ వైపు తిరిగేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. రాత్రి చెరువు దగ్గరే ఆగి బండికి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి నిండుతుందని నేను అనుకునేవాణ్ణి. రాత్రిపూటే చెరువుల్లో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎండ లేక నీళ్లలోని నాచు దాన్ని తయారుచేయదు సరికదా, తనూ వాడుకుంటుంది. అందుకని చీకటిపడ్డాక ఏరేటర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. లైను చివర ఉన్న ఊళ్లలో వోల్టేజి పడిపోతుంది. ప్లగ్గు గంటకు 3 యూనిట్లకు బదులు 2 ఇస్తుంది, ఒక్కోసారి చార్జరు తనంతట తానే ఆగిపోతుంది. పైగా చెరువు మోటార్లకు ఇచ్చిన కనెక్షన్ లోంచి బండికి కరెంటు పెట్టడం నేరం, కనెక్షన్ ఉన్న రైతు మీద పడుతుంది. ఇంకో జాగ్రత్త: రొయ్యల లోడు దించాక బండి అడుగు మంచినీళ్లతో కడగాలి. కారేది ఉప్పు నీరు, వైర్ల జాయింట్లలో దిగితే తుప్పు తప్పదు.

ఇప్పుడు నా లెక్క ఇలా ఉంది. లోడుతో వెళ్లే దారికి కంపెనీ చెప్పిన రేంజిలో సగమే నాదనుకుంటాను. తెర మీద అంకె చూడను, బ్యాటరీ శాతం చూస్తాను. అవనిగడ్డ దాటి వెళ్లాల్సి వస్తే తిరిగి ఎక్కడ చార్జింగు పెడతానో ముందే మాట్లాడుకుంటాను. రొయ్య ఎక్కువైతే రెండో ట్రిప్పు, లేదంటే ఇంకో బండి. కిరాయి తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఇలా నడిపినా డీజిల్ మీద కన్నా నాకు మిగులుతోంది.

చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక సెంటర్లలో సరుకు బళ్లు ఆగి చార్జింగు పెట్టుకోగల చోట్లు కావాలి. ఐసు ఫ్యాక్టరీల దగ్గరైతే మరీ మంచిది. లోడెక్కేవరకు బండి ఎలాగూ అక్కడ ఆగుతుంది, కరెంటు లైను అక్కడికి ఎలాగూ గట్టిగానే ఉంటుంది. అడగాల్సింది మనమే. ఈలోగా బండి కొన్నవాళ్లు ఒక్కసారి నిండు లోడుతో కాటా ఎక్కించి చూడండి. చెరువులు చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ట్రేలో రొయ్య ఎంతో ఐసు అంత వేయించుకోండి, బండివాడు తగ్గించమంటే బండి మార్చండి, వాడు మీ బావ అయినా సరే.